ఈకతో చేసిన ఈగ

తొలకరి వానలు పడిన సాయంకాలాల్లో దీపాల చుట్టూ ఉసిళ్ళు మూగటం మీరు చూసే ఉంటారు. అవి పుట్టల్లో నుంచి గుంపులు గుంపులుగా బయలుదేరి, కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని నేల మీద పాకుతాయి. ఆ వేళప్పుడు చెరువుగట్టు మీద నిలబడి చూస్తే మరొక వింత కనిపిస్తుంది. నీళ్ళ మీద పడిన ఉసిళ్ళను తినటానికి చేపలు పైకి వస్తాయి. ఇక్కడొక సుడి, అక్కడొక సుడి! వానపామును గుచ్చిన గాలం అడుగున వేళ్ళాడుతూ ఉన్నా వాటికి పట్టదు. అప్పుడు వాటి ధ్యాసంతా పైనే.

మరి అటువంటి చేపను పట్టటం ఎలా? నిజం పురుగును గాలానికి గుచ్చబోతే నలిగిపోతుంది. గుచ్చినా, నాలుగుసార్లు విసిరేసరికి ఊడిపోతుంది. అందుకని మనుషులు ఒక ఉపాయం కనిపెట్టారు. గాలానికి దారమూ ఈకా చుట్టి, పురుగులాంటి బొమ్మను చేసి, దాన్ని మెల్లిగా నీళ్ళ మీద వాల్చారు. చేప దాన్ని నిజం పురుగే అనుకుని నోట కరుచుకున్నది. ఇలా ఈకతో చేసిన ఈగను వేసి చేపలు పట్టే విద్యకు ఇంగ్లీషులో ఫ్లై ఫిషింగ్ అని పేరు.

ఈ విద్య చాలా పాతది. సుమారు 1,800 సంవత్సరాల క్రితం రోములో ఉండిన ఈలియన్ అనే రచయిత దీన్ని గురించి రాశాడు. మాసిడోనియా దేశపు జనం గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారట. 1496లో ఇంగ్లండులో గాలపు విద్య మీద ఒక చిన్న గ్రంథం అచ్చయింది. గుర్రపు వెంట్రుకలతో దారం పేనటం, కుట్టుసూదిని నిప్పులో మెత్తబరిచి వంచి గాలం చెయ్యటం, పన్నెండు రకాల ఈగలను కట్టటం అందులో ఉన్నాయి. అంటే ఈ సరంజామా అంతా మొదట ఇళ్ళల్లోనే తయారయిందన్నమాట. దుకాణాలు తరవాత వచ్చాయి.

ఈ రోజుల్లో కర్రా, చక్రమూ, దారమూ, ఈగలూ అన్నీ దుకాణంలో కొనబోతే వేల రూపాయలు అవుతుంది. అంత డబ్బు పొయ్యనవసరం లేదు. మీది గద్వాల గాని, వనపర్తి గాని, నాగర్‌కర్నూల్ గాని అయితే మరీ సులువు. కావలసిన వస్తువుల్లో చాలా భాగం మీ చుట్టూనే ఉన్నాయి. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. దుకాణంలో వస్తువును చూసినప్పుడు, "ఇది ఎలా ఉంది?" అనుకోకండి. "ఇది ఏం పని చేస్తుంది?" అనుకోండి. పని తెలిస్తే, అదే పని చెయ్యగల వస్తువు ఇంట్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. అంతే కాదు, ఏ వస్తువును ఇంట్లో చెయ్యకూడదో కూడా తెలుస్తుంది.

కర్ర

గాలపు కర్ర చేసే పని ఏమిటి? దారాన్ని మోయటం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక స్ప్రింగులాగా పని చేస్తుంది. చేప గుంజినప్పుడు కర్ర వంగి, ఆ కుదుపును తాను భరిస్తుంది. కర్ర వంగకపోతే కుదుపంతా దారం మీద పడి, దారం తెగుతుంది. కనక మనకు కావలసింది మొదట లావుగా, చివర సన్నగా ఉండి, వంచి వదిలితే తిరిగి తిన్నగా అయ్యే కర్ర. వెదురు సరిగ్గా ఇలాటిదే. ఖరీదైన కర్రలను కూడా ఒకప్పుడు వెదురుతోనే చేసేవారు. వెదురును ఆరు బద్దలుగా చీల్చి, వాటిని నునుపు చేసి, తిరిగి అతికించేవారు.

నల్లమల అడవిలో వెదురు పెరుగుతుంది గదా అని అక్కడికి పోయి నరకకండి. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమల అడవుల్లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నది. అక్కడ చెట్టు కొట్టటం నేరం. బుట్టలూ, చాటలూ అల్లే మేదరివారిని అడిగితే మీకు కావలసిన వెదురును వారే ఏరి ఇస్తారు. తొమ్మిది అడుగుల పొడవుండి, మొదలు మీ బొటనవేలంత లావుండేదాన్ని తీసుకోండి. కణుపులను గరుకుకాగితంతో నునుపు చేసి, నీడలో కొన్ని వారాల పాటు ఆరబెట్టండి. ఆరేటప్పుడు కొసకు ఒక రాయి కట్టి వేళ్ళాడదీస్తే వంకర తగ్గుతుంది. పచ్చదనం పోయి గడ్డి రంగు వచ్చాక కొస దగ్గిర గట్టి దారం చుట్టి, చిన్న ఉచ్చు ఒకటి ఉండేట్టు ముడి వెయ్యండి. మన గాలపు దారం ఆ ఉచ్చుకే కడతాం.

ఇక చక్రం. అది ఎక్కువ దారాన్ని చుట్టి ఉంచటానికీ, పెద్ద చేప పారిపోతుంటే దారాన్ని వదలటానికీ పనికొస్తుంది. మనం పట్టబోయేది జానెడు చేపలను. వాటికి చక్రం అక్కర్లేదు. జపాను దేశపు కొండవాగుల్లో టెన్కారా అనే పద్ధతి ఒకటి ఉన్నది. అందులో చక్రమే ఉండదు. వెదురు కర్ర, దాని కొసకు కట్టిన దారం, దారం చివర ఈకతో చేసిన ఈగ, అంతే! కొండపల్లెల జనం ఈ పద్ధతిలోనే చేపలు పట్టి అమ్ముకునేవారు. కనక చక్రానికి మన ఖర్చు సున్న.

దారం

రాయికి దారం కట్టి విసిరితే రాయి ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. ఈకకు దారం కట్టి విసిరితే? ఈకకు బరువు లేదు గనక మీ కాళ్ళ దగ్గరే పడుతుంది. అందుకని ఈ విద్యలో దారానికే బరువు ఉండాలి. దారం ముందు పోయి, ఈగను తన వెంట తీసుకుపోవాలి. చెర్నాకోలను ఝళిపించటం చూశారా? పిడి దగ్గర లావుగా ఉండి, కొసకు పోను పోను సన్నబడుతుంది. చేతి ఊపు అలలాగా దాని వెంట పరుగెత్తి కొసను చేరుతుంది. మన దారం కూడా అలాగే ఉండాలి.

దీన్ని మామూలు నూలు దారంతో పేనవచ్చు. ఎనిమిది అడుగుల పోగులు నాలుగు, ఆరు అడుగుల పోగులు రెండు, మూడు అడుగుల పోగులు రెండు కత్తిరించండి. అన్నిటినీ ఒక కొసన కలిపి ముడి వేసి, ముడిని మేకుకు తగిలించండి. పోగులను రెండు సమభాగాలు చెయ్యండి. ఒక్కొక్క భాగంలో రెండు పొడుగువీ, ఒక మధ్యరకమూ, ఒక పొట్టిదీ ఉండాలి. ఒక భాగాన్ని మీరూ, రెండోదాన్ని మీ అన్నయ్యో అక్కయ్యో పట్టుకుని, ఇద్దరూ కుడివేపుకే పురి పెట్టండి. బాగా పురి ఎక్కాక రెంటినీ పక్కపక్కన చేర్చి వదిలితే, అవి ఎడమవేపుకు ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. ఒక పురి విడిపోదామంటే రెండో పురి బిగుసుకుంటుంది. కొబ్బరితాడు విడిపోకుండా ఉండేది ఈ సూత్రం వల్లనే. ఇప్పుడు మీ దారం మొదట్లో ఎనిమిది పోగులతోనూ, మధ్య ఆరు పోగులతోనూ, చివర నాలుగు పోగులతోనూ ఉంటుంది. కొసన ముడి వేసి, దారం పొడుగునా తేనెమైనం రుద్దండి. మైనం లేకపోతే నూలు నీటిని పీల్చి మునిగిపోతుంది.

ఈ దారం చేపకు కనిపిస్తుంది. అందుకని దాని చివర మూడు అడుగుల సన్నని నైలాన్ తీగ కట్టాలి. దీన్ని మాత్రం కొనవలసిందే. కాని చిన్న ఉండ ఒకటి కొంటే చాలా రోజులు వస్తుంది.

నైలాన్ రాక ముందు ఏం కట్టేవారో తెలుసా? పట్టు! గద్వాల చీర చూడండి. ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టును పట్టుపురుగు తన గూడు కోసం సన్నని పోగుగా వదులుతుంది. స్పెయిన్ దేశంలోని ముర్సియా ప్రాంతంలో మరొక పని చేసేవారు. గూడు కట్టబోతున్న పురుగులను వినెగరులో నానబెట్టి, వాటి ఒంట్లో ఉండే పట్టుతిత్తులను బయటికి తీసి సాగదీసేవారు. అది గాలికి గట్టిపడి, గాజుతీగలాగా మెరిసేది. లోకంలోని గాలాలకు చాలాకాలం ఆ తీగనే కట్టారు. 1938లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ నైలానును ప్రకటించింది. ఆ తరవాత పట్టుతీగ క్రమంగా మూలపడింది.

ఈగ

ఇప్పుడు అసలు పనికి వచ్చాం. ఈగను కట్టటానికి వడ్లగింజంత పొడవుండే చిన్న గాలం, సన్నని పట్టుదారం, గోధుమరంగు ఉన్నిపోగు, కోడిపుంజు మెడ మీది ఈక కావాలి. ఈగలను కట్టటానికి దేశదేశాల్లో పట్టుదారాన్నే వాడుతూ వచ్చారు. పట్టు సన్నగా ఉండి కూడా తెగదు. గద్వాలలో మగ్గం పని చేసే వారిని అడిగితే మిగిలిన ముక్కలు దొరకవచ్చు. అవి మూరెడు ఉంటే చాలు.

ఈక విషయంలో ఒక తేడా ఉన్నది. పుంజు మెడ మీది ఈక బిరుసుగా ఉండి, నీటిని త్వరగా పీల్చదు. దానితో కట్టిన ఈగ తేలుతుంది. పెట్ట ఈక మెత్తన. దానితో కట్టింది నీళ్ళలో మునిగి, పురుగు కాళ్ళు కదిలినట్టు కదులుతుంది. మనకు ఉసిళ్ళలాగా తేలేది కావాలి గనక పుంజు ఈకే మేలు.

గాలాన్ని కదలకుండా పట్టుకోవటానికి దుకాణంలో ఒక ఇనుప పట్టు అమ్ముతారు. దానికి బదులు పట్టకారు చాలు. గాలాన్ని వంపు దగ్గర పట్టకారుతో పట్టి, పిడులకు రబ్బరుబాండు బిగించి, బల్ల మీద ఇటుకల మధ్య నిలబెట్టండి. గాలం మొన పట్టకారు నోట్లోనే ఉండాలి. అప్పుడు వేలికి గుచ్చుకోదు.

మొదట పట్టుదారాన్ని గాలం కన్ను దగ్గర మొదలుపెట్టి, వంపుదాకా వరసగా చుట్టండి. అక్కడ ఉన్నిపోగును కట్టి, దారాన్ని వెనక్కు తీసుకురండి. తరవాత ఉన్నిని చుట్టుకుంటూ వచ్చి దారంతో బిగించండి. ఇదే పురుగు ఒళ్ళు. ఇప్పుడు ఈకను మొదలు దగ్గర కట్టి, గాలం చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పండి. ఈకపోగులు నలుదిక్కులా చక్రపు ఆకుల్లాగా నిలుస్తాయి. ఇవే కాళ్ళూ, రెక్కలూ. ఈక కొసను బిగించి కత్తిరించి, దారంతో మూడు ముడులు వెయ్యండి. ముడి మీద అమ్మ గోళ్ళరంగు ఒక్క చుక్క పెట్టండి. దుకాణంలో ప్రత్యేకంగా అమ్మే వార్నీషు చేసే పని అదే.

మొదటి ఈగ కాకిగూడులాగా ఉంటుంది. ఫరవాలేదు. పదోది పురుగులాగా ఉంటుంది.

బెండూ, బరువూ

ఏడాది పొడుగునా ఉసిళ్ళు ఉండవు. మన చెరువుల్లో బొచ్చె పైనీళ్ళలోనూ, రోహు మధ్యనూ, ఎర్రమోసు అడుగునా మేస్తాయి. కనక మామూలు గాలం కూడా తెలిసి ఉండాలి. దానికి బెండు కావాలి. జొన్నదంటు లోపలి బెండుతో బండ్లూ, బొమ్మలూ చెయ్యటం పాలమూరు పిల్లలకు తెలియనిది కాదు. ఆ బెండునే వేలెడు ముక్క కోసి, కరిగిన కొవ్వొత్తి మైనం పైన పట్టిస్తే మంచి తేలుడు బెండు అవుతుంది. మైనాన్ని కరిగించటం పెద్దవాళ్ళ చేత చేయించండి. సగం బెండు మునిగేట్టు బరువు కట్టాలి. బరువు తక్కువైతే చేప కొరికినా బెండు కదలదు. ఎక్కువైతే బెండు దానంతట అదే మునుగుతుంది.

బరువుకు సీసం వాడకండి. పాత బ్యాటరీల సీసాన్ని ఇంట్లో కరిగించి గుండ్లు చేసుకునే వారు కద్దు. అది చాలా ప్రమాదం. సీసం విషం. దాని ఆవిరీ, దుమ్మూ ఒంట్లోకి పోతే పిల్లల మెదడు దెబ్బ తింటుంది. ఇంగ్లండులో హంసలు నీళ్ళ అడుగున పడిన సీసపు గుండ్లను మింగి చచ్చిపోతూ ఉంటే, 1987లో అక్కడ గాలపు సీసం గుండ్లను చాలావరకు నిషేధించారు. చిన్న ఇనుప నట్టు ఒకటి కడితే సీసం పని అదే చేస్తుంది.

పొదుపు చెయ్యరానిది

గుండుసూదిని వంచి గాలం చెయ్యటం పిల్లలకు సరదా. కాని గాలం మాత్రం కొనండి. ఎందుకంటే దాని పని మహా కష్టమైనది. సన్నగా ఉండాలి, వంగరాదు, విరగరాదు. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది గాని, పెళుసై విరుగుతుంది. అందుకని మళ్ళీ కొంచెం వేడిచేసి ఆ పెళుసుదనాన్ని తగ్గిస్తారు. ఆ వేడి సరిగ్గా కుదరాలి. గుండుసూదికి ఈ పదును లేదు. చేప గుంజగానే తిన్నగా అయిపోతుంది. చేపేమో మూతికి గాయంతో పోతుంది. చిన్న గాలాల పొట్లం ఖరీదు ఎక్కువేమీ కాదు. కొన్నాక, మొన వెనక ఉండే ఎదురుముల్లును పట్టకారుతో నొక్కెయ్యండి. అప్పుడు మీ వేలికి గుచ్చుకున్నా తేలికగా వస్తుంది. వదలదలచిన చేప కూడా చావకుండా పోతుంది.

ఇంట్లో చేసిన ప్రతి వస్తువునూ ఇంట్లోనే పరీక్షించండి. పళ్ళెంలో నీళ్ళు పోసి జానెడు ఎత్తు నుంచి ఈగను వదలండి. తేలితే సరి. మునిగితే ఇంకో రెండు చుట్లు ఈక కావాలి. లీటరు సీసా నిండా నీళ్ళు నింపితే, సీసాతో కలిపి కిలోకు కొద్దిగా ఎక్కువ తూగుతుంది. దాన్ని నైలానుకు కట్టి మెల్లగా ఎత్తండి. ముడి జారితే ఇక్కడే జారుతుంది, నష్టం లేదు. నైలాను ముడిని బిగించేటప్పుడు నీళ్ళతో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తీగ బలహీనపడుతుంది.

గట్టు మీద

చేప నీళ్ళలోంచి మనను ఎలా చూస్తుందో తెలుసా? వెలుతురు నీటిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. అందుచేత చేపకు పైలోకమంతా తన నెత్తి మీది గుండ్రని కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. గట్టు మీద నిటారుగా నిలబడితే మీరు ఆ కిటికీలో పడతారు. కొంచెం దూరంగా కూచుంటే కిటికీ అంచుకు పోతారు. మట్టిరంగు చొక్కా వేసుకుని, కదలకుండా కూచోండి. దీనికీ ఖర్చు లేదు.

చెరువులోని చేపలు ఎవరివీ కావని అనుకోకండి. చాలా ఊళ్ళలో మత్స్య సహకార సంఘాలవారు చేపపిల్లలను పోసి పెంచుతారు. ముదిరాజు, గంగపుత్ర, బెస్త కుటుంబాలు ఎన్నో వాటి మీదే బతుకుతున్నాయి. వారిని అడిగి, వారు ఒప్పుకున్న చోటే గాలం వెయ్యండి. చేప ఎక్కడ తిరుగుతుందో వారికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు.

పెద్దవాళ్ళు తోడు లేకుండా నీళ్ళ దగ్గరికి పోవద్దు. గద్వాల దగ్గరి జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు దిగువన కృష్ణ ఒక్కసారిగా పెరుగుతుంది. వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ 1959లో ప్రారంభమయింది. అక్కడ నీటిమట్టం హద్దు దాటితే మనిషి చెయ్యి వెయ్యకుండానే సైఫన్లు వాటంతట అవే నీటిని వదులుతాయి. గేటు ఎత్తే మనిషే లేనప్పుడు కేక వేసి చెప్పేదెవరు? కనక వాటి దిగువకు అసలు దిగరాదు. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో శ్రీశైలం జలాశయపు నీరు చాలా లోతు. అక్కడ గట్టు అంచుకు పోకండి. కరెంటు తీగల కింద కర్ర ఎత్తకండి.

వానల మొదట్లో చాలా చేపలు గుడ్లు పెడతాయి. పొట్ట ఉబ్బిన చేప పడితే తడిచేత్తో పట్టుకుని వదిలెయ్యండి. కొరమీను తన పిల్లలకు కాపలా కాస్తుంది. ఎర్రని పిల్లలు నీళ్ళ మీద ముద్దగా కదులుతూ ఉంటే, వాటి కిందనే తల్లీ తండ్రీ ఉంటాయి. అక్కడ గాలం వేస్తే చేప తప్పక పడుతుంది గాని, పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. తెగిన నైలాను ముక్కలను జేబులో వేసుకుని ఇంటికి తెండి. అది కుళ్ళిపోదు. కొంగల కాళ్ళకు చుట్టుకుంటే అవి ఎగరలేక చస్తాయి.

ఇక లెక్క చూసుకుందాం. కొన్నవి గాలాల పొట్లమూ, నైలాను ఉండా, వెదురు కర్రా. మిగిలినవన్నీ ఇంట్లోవే. అయితే లాభం డబ్బు ఒక్కటే కాదు. దుకాణంలో అమ్మే ఈగలు చాలావరకు ఇంగ్లండు, అమెరికా వాగుల్లోని పురుగులను చూసి కట్టినవి. మీ కేసరిసముద్రంలో చేప తినేది వాటిని కాదు. మీ ఈగను చేప ముట్టకపోతే, గట్టున గడ్డి విదిలించి ఏ పురుగులు ఎగురుతాయో చూడండి. మిడతలయితే ఆకుపచ్చని ఉన్ని చుట్టండి. నల్లచీమలయితే నల్లదారం చుట్టండి. మరునాడు మళ్ళీ వేసి చూడండి. మీ చెరువుకు సరిపోయే ఈగ ఏ దుకాణంలోనూ లేదు. దాన్ని కట్టవలసింది మీరే.